ప్రేమ, పెళ్లి, ఇంట్లోవాళ్లు: మంచి గే సినిమాలు వెతికేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమాల పేర్లు చెప్పమని నన్ను అడిగేవాళ్లలో చాలామంది "మా ఫ్రెండ్ ఒకతను అడిగాడు" అంటూ మొదలుపెడతారు. ఆ ఫ్రెండ్ కోసమే ఈ జవాబులు.

"గే సినిమాలు" అని వెతికితే అన్నీ ఒకే మూసలో వస్తున్నాయి. ఎలా వెతకాలి?

ఆ మాట కొట్టి వెతికితే పోస్టర్ మీద చొక్కా లేని కుర్రాళ్లే కనిపిస్తారు. దాని బదులు మీకు కావలసిన బంధం పేరుతో వెతకండి. తండ్రీకొడుకులు, పెళ్లయిన మగవాడు, కొడుకు పోయాక తల్లి, ఊరికి తిరిగొచ్చిన కూతురు, ఇలా. అప్పుడు కథలు దొరుకుతాయి.

రెండో దారి దర్శకులు. ఒక సినిమా నచ్చితే ఆ మనిషి తీసినవన్నీ వరసగా చూసేయడమే. ఆంగ్ లీ, ఆండ్రూ హే, ఆలిస్ వూ, రే యూంగ్, ఆండ్రూ ఆన్. ఈ అయిదు పేర్లతో మొదలుపెడితే కొన్ని నెలలు ఇంకేదీ వెతుక్కోనక్కర్లేదు.

మూడోది అవార్డుల జాబితాలు. బెర్లిన్ ఫెస్టివల్‌లో ఇలాంటి సినిమాలకు 1987 నుంచి టెడ్డీ అవార్డు ఇస్తున్నారు. వెనిస్‌లో క్వీర్ లయన్ 2007లో, కాన్‌లో క్వీర్ పామ్ 2010లో మొదలయ్యాయి. ఏటా గెలిచినవాటి పేర్లు వికీపీడియాలోనే ఉంటాయి, ఒక్కో ఏడాదీ వెనక్కి వెళ్తూ చూడొచ్చు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో వందమందికి పైగా నిపుణులను అడిగి ఇలాంటి 30 సినిమాల జాబితా వేసింది. అందులో మొదటి మూడూ 'కేరల్', 'వీకెండ్', 'హ్యాపీ టుగెదర్'. జాబితాతో మనం ఏకీభవించాలని లేదు, కానీ పోట్లాడుకోవడానికైనా ఒకటి ఉండాలి కదా.

ఇంకో చిట్కా. రివ్యూల్లో తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లవి ముందు చదవండి. "ఏమీ జరగదు, ఊరికే కూర్చుని మాట్లాడుకుంటారు" అని ఎవరైనా విసుక్కుంటే ఆ సినిమా పేరు నేను వెంటనే రాసిపెట్టుకుంటాను.

మంచి సినిమా అని, ఆలోచించి తీశారని ఎలా పోల్చుకోవాలి?

నాకొక కొండగుర్తు ఉంది. కథలో ఇంట్లోవాళ్లు కూడా ఏదో ఒకటి పోగొట్టుకునే స్థితిలో ఉండాలి. తండ్రి అనేవాడు తలుపు తీసి "బయటికి పో" అని అరవడానికి మాత్రమే సినిమాలోకి వస్తే, ఆ రాసినవాడికి తండ్రుల గురించి పెద్దగా తెలియదన్నమాట. నిజం ఇళ్లల్లో అరుపులు తక్కువ, నసుగుడు ఎక్కువ. మాట మార్చడం, టీవీ సౌండ్ పెంచడం, "సరేలే, ముందు తిను" అనడం.

కెనడాలోని క్యుబెక్‌లో 2005లో వచ్చిన 'క్రేజీ' చూడండి. జాన్ మార్క్ వాలే తీశాడు. అయిదుగురు కొడుకులున్న ఇల్లు. ఇంగ్లీషులో ఆ పేరులోని అయిదు అక్షరాలు (C.R.A.Z.Y.) కొడుకుల పేర్లలో మొదటి అక్షరాలు, తండ్రికి ప్రాణమైన పాట పేరు కూడా అదే. నాలుగోవాడు జాక్ అంటే ఆ తండ్రికి చాలా ఇష్టం. సమస్యంతా ఆ ఇష్టమే. ద్వేషించే తండ్రి నుంచి పారిపోవచ్చు, ప్రేమించే తండ్రి నుంచి ఎక్కడికి పోతాం?

ఫ్రాన్సిస్ లీ తీసిన 'గాడ్స్ ఓన్ కంట్రీ' (2017)లో యార్క్‌షైర్ కొండల్లో ఒక గొర్రెల ఫారం. తండ్రికి పక్షవాతం, పని మొత్తం కొడుకు నెత్తిన. ఆ ఇంట్లో ఎవరూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోరు. కొడుకు తండ్రికి స్నానం చేయించే సీన్ ఒకటుంది, అంతే. నాకు అది చాలు.

రెండో గుర్తు: ఇంట్లో చెప్పేయడంతో సినిమా అయిపోకూడదు. మర్నాడు పొద్దున్న లేచి ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారన్నది నాకు కావాలి.

ఒక్కటే చూసే టైం ఉంది. ఏది?

'ది వెడ్డింగ్ బాంక్వెట్'. 1993లో ఆంగ్ లీ తీసింది. ఆ ఏడాది బెర్లిన్‌లో గోల్డెన్ బేర్‌ను ఇంకో సినిమాతో కలిసి పంచుకుంది, ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రాల్లో నామినేట్ అయింది.

న్యూయార్క్‌లో ఉండే తైవాన్ కుర్రాడు వై టుంగ్, అతని భాగస్వామి సైమన్. తైవాన్‌లో ఉన్న అమ్మానాన్నలు పెళ్లి, పెళ్లి అని తరుముతుంటారు. అద్దెకుండే చిత్రకారిణి వే వేకి గ్రీన్‌కార్డు కావాలి. ఈమెను ఉత్తుత్తి పెళ్లి చేసుకుంటే అందరి గొడవా తీరిపోతుందని సైమనే సలహా ఇస్తాడు. తీరా చూస్తే అమ్మానాన్నలు విమానం ఎక్కి వచ్చేస్తారు. ఆ తర్వాత పెద్ద విందు. పూర్తిగా కామెడీ.

కానీ ఈ సినిమాలో ఎవరు ఎవరికి అబద్ధం చెబుతున్నారో లెక్కపెట్టుకుంటూ చూడండి. కొడుకు తల్లిదండ్రులకు చెబుతున్నాడు, అది పైకి కనిపించే లెక్క. రెండో సగంలో ఆ లెక్క తిరగబడుతుంది. రిటైరైన సైనికాధికారి అయిన ఆ తండ్రి నిశ్శబ్దంగా ఏం చూస్తున్నాడో, ఎంత తెలుసుకున్నాడో, ఎవరికి చెప్పొద్దంటాడో నేను చెప్పను. సైమన్‌కు ఆయన ఒక ఎర్ర కవరు ఇచ్చే సీన్ దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టండి. కొడుకును ఒప్పుకోవడం, వంశం నిలబడాలనుకోవడం రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఎలా ఉంటాయో ఇంత సూటిగా చూపిన సినిమా నేనింకోటి చూడలేదు. ఆ తండ్రి మంచివాడా, స్వార్థపరుడా అని మా ఫ్రెండ్స్‌తో చాలాసార్లు వాదించాను. ఇప్పటికీ తేలలేదు.

2025లో మళ్లీ తీశారు కదా, అది చాలదా?

అది ఆండ్రూ ఆన్ తీశాడు. ఇందులో రెండు జంటలు, ఒకటి ఆడవాళ్లది, ఒకటి మగవాళ్లది. కొరియా నుంచి దిగే బామ్మగా యూన్ యూ జంగ్ వేశారు. ఆమె కోసం చూడొచ్చు. పాత సినిమా రాసినవాళ్లలో ఒకరైన జేమ్స్ షేమసే దీనికీ కలం కలిపాడు. అయినా ముందు పాతదే చూడండి.

పెళ్లి చేసుకుని ఇరుక్కుపోయినవాళ్ల కథలు ఉన్నాయా? భార్య వైపు నుంచి కూడా?

ఉన్నాయి. ఎక్కువ సినిమాలు తడబడేదీ ఇక్కడే. అందులో భార్య తలుపు దగ్గర నిలబడి ఏడ్చి పక్కకు తప్పుకుంటుంది.

మలయాళంలో జియో బేబీ తీసిన 'కాదల్ - ది కోర్' (2023) అలా కాదు. మమ్ముట్టి వేసిన మాథ్యూ స్థానిక ఎన్నికల్లో నిలబడబోతుంటే, భార్య ఓమన విడాకులకు కేసు వేస్తుంది. ఓమనగా జ్యోతిక. ఆమెకు కోపం లేదు, కక్ష లేదు. ఇన్నేళ్ల కాపురంలో తనకు రానిదేదో తనకు తెలుసు, దాన్ని పేరు పెట్టి కోర్టులో చెబుతుంది. ఆ కేసు తనకోసమే కాదు, భర్తకోసం కూడా. ఇక వృద్ధుడైన తండ్రి ఉన్నాడు. పెళ్లయితే సర్దుకుంటుందనుకున్న తరం ఆయనది. అదే ఇంట్లో ఆ ముగ్గురూ మెలగడం చూస్తే సినిమాకు శబ్దం ఎంత తక్కువ అవసరమో తెలుస్తుంది. ఒక్కటే నా ఫిర్యాదు: ప్రేమించుకున్న ఆ ఇద్దరు మగవాళ్లు సినిమాలో దాదాపు మాట్లాడుకోరు. కుటుంబానికి అంత చోటిచ్చి ప్రేమకు కాస్త తగ్గించారు.

'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' (2005) అందరికీ తెలిసిందే, ఆంగ్ లీకి దర్శకుడిగా ఆస్కార్ తెచ్చింది. ఈసారి చూసేటప్పుడు మిషెల్ విలియమ్స్ వేసిన భార్య పాత్రను మాత్రమే గమనిస్తూ చూడండి, అది వేరే సినిమా.

సరదాగా కావాలంటే హిందీలో హర్షవర్ధన్ కులకర్ణి తీసిన 'బధాయీ దో' (2022). గే పోలీసు, లెస్బియన్ పీఈటీ టీచరు ఒకరికొకరు అడ్డుగోడగా పెళ్లి చేసుకుంటారు. పెళ్లి చేసుకుంటే ఇంట్లోవాళ్ల పోరు ఆగుతుందనుకుంటారు, కానీ వెంటనే "పిల్లలెప్పుడు?" మొదలవుతుంది.

ఈ సినిమాల్లో చివరికి ఎవరో ఒకరు చనిపోతారేం?

దీనికి చరిత్ర ఉంది. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 వరకూ అమలైన హేస్ కోడ్ అనే సెన్సార్ నియమావళి చాలాకాలం ఇలాంటి ప్రేమను తెరమీద చూపనిచ్చేది కాదు. చాటుమాటుగా చూపినా ఆ పాత్రకు శిక్ష పడాల్సిందే. కోడ్ పోయింది, అలవాటు మాత్రం చాలాకాలం పోలేదు. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913, 14 ప్రాంతంలోనే రాసి, ప్రేమికులిద్దరూ సుఖంగా ఉండాలనే పట్టుదలతో ముగించాడు. అది ఆయన పోయాక 1971లో గానీ అచ్చు కాలేదు. 1987లో జేమ్స్ ఐవరీ సినిమాగా తీశాడు.

చావు ఉన్నంత మాత్రాన చెత్త సినిమా అయిపోదు. చావు దేనికి వాడారన్నది చూడాలి. ఒక మగవాడు పోయాక, అతను ప్రేమించిన మగవాడికి అతని కన్నతల్లో భార్యో ఎదురుపడే కథలు మూడు చెబుతాను. మూడూ ఒకే ముడి, మూడు రకాల విప్పడం.

హాంగ్ ఖౌ తీసిన 'లిల్టింగ్' (2014)లో తల్లి కంబోడియా నుంచి వచ్చిన చైనీస్ ఆవిడ, లండన్‌లో వృద్ధుల హోంలో ఉంటుంది. ఇంగ్లీషు రాదు. కొడుకు ప్రేమికుడైన రిచర్డ్‌కు ఆమె భాష రాదు. మధ్యలో ఒక అనువాదకురాలు. ఏ మాట అనువదించాలి, ఏది మింగేయాలి అన్నదాని మీదే సినిమా నడుస్తుంది. 'మెమరీస్ ఇన్ మార్చ్' (2010)లో తల్లిగా దీప్తి నావల్, కొడుకు ప్రేమించిన వ్యక్తిగా ఋతుపర్ణ ఘోష్. ఆ సినిమా రాసింది కూడా ఘోషే. ఇక్కడ ఇద్దరికీ ఒకే భాష వచ్చు, అయినా మాటలు దొరకవు. తైవాన్ నుంచి వచ్చిన 'డియర్ ఎక్స్' (2018)లో తల్లి కాదు, భార్య. భర్త ఇన్సూరెన్స్ డబ్బు అతని ప్రియుడి పేరున రాసి పోయాడని తెలుస్తుంది. ఆమె ఆ ఇంటికి పోట్లాటకు వెళ్తే, టీనేజ్ కొడుకు వెళ్లి అక్కడే మకాం వేస్తాడు. మూడింటిలో నన్ను నవ్వించి ఏడిపించింది ఇదే.

ఆడవాళ్ల కథలు చెప్పండి.

ఆలిస్ వూ తీసిన 'సేవింగ్ ఫేస్' (2004) ముందు చూడండి. సర్జన్‌గా పనిచేసే కూతురికి ఒక డాన్సర్‌తో ప్రేమ, ఇంట్లో చెప్పలేదు. ఈలోగా 48 ఏళ్ల విధవ తల్లి గర్భవతి అవుతుంది. తండ్రి ఎవరో చెప్పదు. పుట్టింటివాళ్లు గెంటేస్తే నేరుగా కూతురి ఫ్లాట్‌కే వచ్చి కూర్చుంటుంది. పరువు కోసం కూతుర్ని నొక్కిపెట్టే తల్లే పరువు పోగొట్టుకున్న మనిషి కావడం అనేది ఎంత తెలివైన ఎత్తుగడో!

కెన్యా సినిమా 'రఫీకి' (2018) వనూరి కహియు తీసింది. స్థానిక ఎన్నికల్లో ఒకరిమీద ఒకరు పోటీ చేస్తున్న ఇద్దరు తండ్రులు, వాళ్ల కూతుళ్ల మధ్య ప్రేమ. కాన్‌కు వెళ్లిన తొలి కెన్యా సినిమా ఇదే, స్వదేశంలో మాత్రం నిషేధించారు. ముగింపు మార్చమని సెన్సార్ బోర్డు అడిగిందని దర్శకురాలు చెప్పింది. ఆమె మార్చలేదు. తర్వాత కోర్టు ఏడు రోజులపాటు ఆడించుకోనిచ్చింది.

డీ రీస్ తీసిన 'పరాయా' (Pariah, 2011)లో బ్రూక్లిన్ నల్లజాతి కుటుంబం, చర్చికి అంటిపెట్టుకున్న తల్లి. కూతురు బయటికి వెళ్లేటప్పుడు ఒక వేషం, ఇంటికి వచ్చేముందు బస్సులో ఇంకో వేషం. నీరజ్ ఘాయ్‌వాన్ తీసిన 'గీలీ పుచ్చీ' (2021) పూర్తి సినిమా కూడా కాదు, 'అజీబ్ దాస్తాన్స్' సంకలనంలో ఒక కథ. ఫ్యాక్టరీలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు దళిత, ఒకరు బ్రాహ్మణ. ఇద్దరూ ఒకే గుట్టు మోస్తున్నారు కాబట్టి ఇద్దరూ సమానం అయిపోతారనుకుంటే పొరపాటు అని ఆ కథ చెబుతుంది. కొంకణా సేన్ శర్మ టీ కప్పు పట్టుకుని చూసే చూపు మర్చిపోలేం.

వయసు మళ్లినవాళ్ల గురించి ఎవరైనా తీశారా?

హాంకాంగ్ దర్శకుడు రే యూంగ్. 'సుక్ సుక్' (2019)లో టాక్సీ నడిపే పెళ్లయిన తాత, కొడుకు ఇంట్లో ఉండే ఇంకో తాత. ఇద్దరికీ కుటుంబాలున్నాయి. కుటుంబాన్ని వదిలేయాలా అనేది ఇక్కడ ప్రశ్నే కాదు, ఆ కుటుంబాన్ని కష్టపడి కట్టుకున్నది వాళ్లే కదా. ఆయనే తీసిన 'ఆల్ షల్ బి వెల్' (2024)కు టెడ్డీ వచ్చింది. దశాబ్దాలు కలిసి బతికిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు హఠాత్తుగా పోతారు. వీలునామా లేదు, ఫ్లాట్ పోయినావిడ పేరున ఉంది. అప్పటిదాకా ఎంతో ఆప్యాయంగా ఉన్న బంధువులు కొద్దికొద్దిగా మారతారు. వాళ్లెవరూ దుర్మార్గులు కారు, వాళ్లకూ ఇల్లు చాలదు. అందుకే చూస్తుంటే ఒళ్లు మండుతుంది, ఎవరిమీద మండాలో తెలియదు.

ఐరా సాక్స్ 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' (2014), 75 ఏళ్ల తండ్రి కొడుక్కి తన సంగతి చెప్పే 'బిగినర్స్' (2010) కూడా చూడండి. రెండో దానికి క్రిస్టఫర్ ప్లమర్‌కు ఆస్కార్ వచ్చింది.

ఇంటి గొడవ అసలు లేని ప్రేమకథ ఉందా?

ఆండ్రూ హే 'వీకెండ్' (2011) అలాంటిదే అనుకుంటాం. శుక్రవారం రాత్రి కలిసిన ఇద్దరు, ఆదివారానికి విడిపోవాలి. తీరా చూస్తే రస్సెల్ అనాథ, ఎవరికీ చెప్పుకునే అవకాశమే అతనికి రాలేదు. అందుకని గ్లెన్ కాసేపు అతని తండ్రిలా నటిస్తాడు, "ఇప్పుడు చెప్పు" అంటాడు. పన్నెండేళ్ల తర్వాత అదే దర్శకుడు ఆ ఒక్క సీన్‌నే పెద్ద సినిమా చేశాడా అనిపిస్తుంది 'ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్' (2023) చూస్తే. చిన్నప్పుడే పోయిన అమ్మానాన్నలు పాత ఇంట్లో అదే వయసులో కనిపిస్తారు, కొడుకు వాళ్లకు చెప్పుకుంటాడు. షూటింగ్ జరిగింది కూడా దర్శకుడు చిన్నప్పుడు పెరిగిన ఇంట్లోనే. ఒంటరిగా ఉన్న రాత్రి మాత్రం చూడకండి.

అమ్మానాన్నలతో కలిసి చూడొచ్చా?

ముందు మీరు ఒక్కరే చూడండి. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఇంట్లో చెప్పిన కొత్తలో, అవార్డులు చూసి ఒక సినిమా నమ్మి పెట్టాను. అయిదో నిమిషానికే పడకసీన్. రిమోట్ దొరకలేదు. నాన్న లేచి మంచినీళ్లకని వెళ్లి మళ్లీ రాలేదు. అమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. రెండు రోజులయ్యాక, బట్టలు మడతపెడుతూ, "ఆ అబ్బాయి వాళ్లమ్మకు చెప్పాడా చివరికి?" అని అడిగింది.

అలాంటి ఇబ్బంది వద్దనుకుంటే 'కాదల్' బాగా పనికొస్తుంది. 'సేవింగ్ ఫేస్', 'ది వెడ్డింగ్ బాంక్వెట్' కూడా ఫర్వాలేదు గానీ, వాటిలోనూ అలాంటి సన్నివేశాలు కొన్ని ఉన్నాయి. 'గాడ్స్ ఓన్ కంట్రీ', 'వీకెండ్' వద్దు. ఇంకో మాట, సినిమా అయిపోగానే "ఎలా ఉంది?" అని మీదపడకండి. రెండు రోజులు ఆగండి.

తెలుగులో ఏమీ లేవా?

ప్రశాంత్ వర్మ 'అ!' (2018)లో ఒక కథ ఉంది. కూతురు తను ప్రేమించినవారిని పరిచయం చేస్తానని అమ్మానాన్నలను రెస్టారెంటుకు పిలుస్తుంది. వచ్చింది అమ్మాయి. ఈషా రెబ్బా, నిత్యా మీనన్ ఆ జంట. చిన్న ముక్కే అయినా ఎక్కడా వెకిలితనం లేదు. దానికి సరిపడా పూర్తి సినిమా ఎవరైనా తీస్తే మొదటి టికెట్ నాదే.

ముందే జాగ్రత్త పడాల్సినవి?

లుకాస్ డాంట్ 'క్లోజ్' (2022) అందమైన సినిమా, కానీ అందులో ఒక పిల్లవాడి ఆత్మహత్య ఉంది. 'ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ కామెరాన్ పోస్ట్', 'బాయ్ ఇరేజ్డ్' రెండూ 2018లో వచ్చాయి, "మార్చేస్తాం" అని పిల్లల్ని హింసించే శిబిరాల కథలు. హన్సల్ మెహతా 'అలీగఢ్' ఒక ప్రొఫెసర్ జీవితంలో నిజంగా జరిగిన అవమానం. మీరు ఇప్పటికే ఇంట్లో గొడవల్లో ఉంటే ఇవి తర్వాతికి ఉంచుకోండి. ఏ సన్నివేశాలు ఉన్నాయో ముందే చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయి, కథ తెలిసిపోతుందని భయపడకుండా చూసుకోండి.

పేరు కొడితే సినిమా దొరకడం లేదు.

ఒకే సినిమాకు రెండు మూడు పేర్లు ఉంటాయి. 'సుక్ సుక్' అమెరికాలో 'ట్విలైట్స్ కిస్'. తండ్రి పోయి పదిరోజుల కర్మలకు ఊరొచ్చిన కొడుకు, చిన్ననాటి స్నేహితుడు, పెళ్లెప్పుడని అడిగే బంధువులు ఉన్న మరాఠీ సినిమా 'సబర్ బోండా' 2025లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి గెలిచింది. బయట అది 'కాక్టస్ పేర్స్'. కాబట్టి దర్శకుడి పేరు, ఏడాది కలిపి వెతకండి. ఓటీటీల్లో సినిమాలు వస్తూ పోతూ ఉంటాయి, ఈ నెల లేనిది వచ్చే నెల కనబడొచ్చు. జస్ట్‌వాచ్‌లో పేరు కొడితే మీ దేశంలో ప్రస్తుతం ఎక్కడుందో చెబుతుంది. సబ్‌టైటిల్స్ భాష కూడా ముందే చూసుకోండి, ముఖ్యంగా అమ్మ పక్కన కూర్చుంటుందంటే.